తిరుపతిలో నేవీ రీయూనియన్‌కు హోటల్ ప్యాకేజీ: బాగున్నవేవి, ముందే మాట్లాడి రాయించుకోవాల్సినవేవి

తిరుపతి హోటళ్లవాళ్లకు రెండు రకాల అతిథుల సంగతి కొట్టినపిండి. కొండకు పోయి దర్శనం చేసుకుని, నాలుగు గంటలు నడుం వాల్చి రైలెక్కే యాత్రికులు ఒక రకం. ముహూర్తం పెట్టుకుని హాలు మాట్లాడుకునే పెళ్లివాళ్లు ఇంకో రకం. ఒకే ఓడలో, ఒకే మెస్‌డెక్‌లో (నావికులు కలిసి తిని పడుకునే చోట) ఏళ్ల తరబడి బతికి, ముప్పై నలభై ఏళ్ల తర్వాత మళ్లీ కలుసుకుందామని వచ్చే మాజీ నావికులు ఈ రెండు లెక్కల్లోకీ రారు. గది యాత్రికుడికి ఇచ్చినట్టు, హాలు పెళ్లికి ఇచ్చినట్టు ఇస్తే రీయూనియన్ సగమే కుదురుతుంది. రేణిగుంట రోడ్డు వైపు ఒక హోటల్ ఇస్తున్న రెండు రోజుల ప్యాకేజీని ఈ కొలతతోనే చూశాం. హోటల్ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే లోపాలు ఈ ఊళ్లో చాలా హాళ్లలో ఉండేవే, ఒక్కరి మీద మోపడం న్యాయం కాదు. ముందే చెప్పేస్తే గదులకు, స్టేషన్ పికప్‌కు, వంటకు మంచి మార్కులు పడతాయి. హాలు అమరికకు, మైకుకు తక్కువే పడతాయి. మొత్తం మీద ఐదుకు మూడున్నర.

లెక్కలన్నీ 80 మంది గుంపును దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాం. అందులో యాభై మంది దాకా మాజీ నావికులు, మిగిలినవాళ్లు భార్యలు, పిల్లలు, చనిపోయిన సహచరుల కుటుంబాలవాళ్లు అనుకోండి. వయసు అరవై నుంచి డెబ్బై ఐదు మధ్య.

ఇలాంటి కలయికకు విశాఖ కాకుండా తిరుపతి ఎందుకని కొందరు అడుగుతారు. మామూలుగా అయితే ఓడ ఎక్కడుంటే అక్కడే కలవాలి. కానీ చాలామంది పనిచేసిన ఓడలు ఇప్పుడు లేవు. రాజ్‌పుత్ 1980లో నౌకాదళంలో చేరి 2021లో, రంజిత్ 1983లో చేరి 2019లో విశాఖలోనే కొలువు ముగించాయి. పాత విక్రాంత్‌ను 2014లో ముక్కలు చేశారు. విరాట్‌ను 2020లో అలంగ్ తీరానికి విరగ్గొట్టడానికి చేర్చారు. ఎక్కడానికి ఓడే లేనప్పుడు అందరికీ చేరువైన ఊరు కావాలి. భార్యాపిల్లలు కూడా ఇష్టపడి బయల్దేరే ఊరు కావాలి. ఓడ సిబ్బందిలో కేరళవాళ్లు, పంజాబ్‌వాళ్లు, బెంగాల్‌వాళ్లు, ఒడిశావాళ్లు అందరూ ఉంటారు. తిరుపతి అంటే ఇంట్లో ఎవరూ కాదనరు. ఈ ఊరి అసలు బలం అదే.

చేరుకోవడం తేలికే గానీ ఒక మెలిక ఉంది. విశాఖ నుంచి తిరుమల ఎక్స్‌ప్రెస్, హైదరాబాద్ వైపు నుంచి నారాయణాద్రి, పద్మావతి, వందే భారత్, చెన్నై నుంచి సప్తగిరి నేరుగా తిరుపతి స్టేషన్‌కే వస్తాయి. ముంబై, చెన్నై మధ్య నడిచే బళ్లలో ఎక్కువ భాగం తిరుపతికి రాకుండా రేణిగుంట జంక్షన్ మీదుగా పోతాయి. రెండు స్టేషన్ల మధ్య దూరం పది కిలోమీటర్లు. విమానాశ్రయం కూడా రేణిగుంట వైపే, ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఈ హోటల్‌వాళ్లు రెండు వ్యాన్లు పెట్టి మూడు చోట్లకూ పంపుతున్నారు. ఇది నిజంగా మెచ్చుకోవాల్సిన సేవ. అయితే వాళ్లకు ఇచ్చే చార్టు సరిగ్గా ఉంటేనే అది పనికొస్తుంది. పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు, బోగీ, దిగే స్టేషన్, తేదీ, సమయం, వీల్‌చైర్ కావాలా వద్దా, ఈ ఎనిమిది గళ్లూ నింపాలి. సమయం 24 గంటల పద్ధతిలో రాయాలి. తప్పు జరిగేది ముఖ్యంగా అర్ధరాత్రి దాటాక దిగేవాళ్ల విషయంలో. 23వ తేదీ రాత్రి బండి అనుకుంటారు, అది చేరేది 0030కి, అంటే 24వ తేదీన. డ్రైవర్ 24 రాత్రి స్టేషన్‌కు వెళ్లి నిలబడతాడు, మనిషి ముందు రాత్రే వచ్చి ప్లాట్‌ఫాం మీద కూర్చుని ఉంటాడు. అందుకని అర్ధరాత్రి బళ్లకు రెండు తేదీలూ రాయాలి: “23 రాత్రి తెల్లవారితే 24” అని.

గదుల విషయంలో ఈ హోటల్ బాగుంది. మొదటి కారణం, ఈ ఊరి లాడ్జీల్లో చాలాచోట్ల ఉన్నట్టే ఇక్కడా 24 గంటల పద్ధతి. పొద్దున ఐదింటికి దిగితే మర్నాడు ఐదింటి దాకా గది మీదే. మధ్యాహ్నం పన్నెండుకు చెక్ ఇన్ అనే పెద్ద హోటళ్లలో రాత్రి బండి దిగినవాళ్లు సామాన్లతో లాబీలో ఏడు గంటలు కూర్చోవాలి. కాకపోతే 24 గంటల పద్ధతిలో ఒక్కో గది ఒక్కో సమయానికి ముగుస్తుంది. ఆఖరి రోజు పొద్దున కార్యక్రమం నడుస్తుండగా పది గదుల గడువు తీరిపోతుంది. అందరి గదులకూ ఒకే ముగింపు సమయం, ఉదాహరణకు రెండో రోజు 1800, అని బుకింగ్ కాగితం మీద రాయించుకోవాలి. అడిగితే ఒప్పుకుంటున్నారు, అడగకపోతే పూట అద్దె పడుతుంది.

మోకాళ్ల సంగతి మర్చిపోకూడదు. జీవితమంతా నిటారు ఇనుప నిచ్చెనలు ఎక్కి దిగినవాళ్ల మోకాళ్లు అవి. మొదటి అంతస్తు గదులు ఎవరికివ్వాలో జాబితా ముందే ఇవ్వాలి. ఇక్కడి బాత్‌రూముల్లో అన్నింటా వెస్టర్న్ కమోడ్ ఉంది. గోడకు పట్టుకునే కడ్డీ మాత్రం కొన్ని గదుల్లోనే ఉంది. గుమ్మం దగ్గర రెండు అంగుళాల గట్టు ఉంది, రాత్రిపూట కాలు తగులుతుంది. లిఫ్ట్ ఆరుగురికి సరిపోతుంది, కరెంటు పోతే జనరేటర్ మీద నడుస్తుంది. ఏసీ నడవదు. వేడినీళ్లు సోలార్ మీద కాబట్టి తెల్లవారుజామున మొదట స్నానం చేసినవాళ్లకు దొరికినంత వేడి ఆరు దాటాక దొరకదు. నౌకాదళంలో పనిచేసినవాళ్లంతా నాలుగున్నరకే లేస్తారు, ట్యాంకు ఒకేసారి ఖాళీ అవుతుంది. గీజర్లు ఉన్న వరస గదులను అడిగి తీసుకోవడం మేలు.

అదే కారణంగా కాఫీ గురించి కూడా మాట్లాడుకోవాలి. హోటల్ టిఫిన్ ఏడున్నరకు మొదలవుతుంది. ఐదింటికి కాఫీ లేకపోతే ఈ గుంపు రోడ్డు మీద టీ బంకు వెతుక్కుంటూ బయల్దేరుతుంది. 80 మందికి మనిషికి 100 మిల్లీలీటర్ల చొప్పున రెండు విడతలంటే 16 లీటర్లు. ఫిల్టర్ కాఫీ అయితే అందులో 12 లీటర్ల దాకా పాలే. ముందు రోజు రాత్రే చెబితే వంటమనిషి పాలు తెప్పించి పెడుతున్నాడు. పంచదార విడిగా పెట్టమనండి. సగం మందికి వద్దు.

తేదీ ఎంచుకోవడంలోనే సగం ఖర్చు తేలిపోతుంది. నేవీ డే డిసెంబర్ 4. 1971లో కరాచీ రేవు మీద దాడి జరిగిన రాత్రిని గుర్తు చేసుకునే రోజు కాబట్టి అందరి మనసూ ఆ తేదీ మీదే ఉంటుంది. తిరుపతి వరకు అది చిక్కు తేదీ. ఈశాన్య రుతుపవనాల వానలు అప్పటికింకా వదలవు. 2021 నవంబర్‌లో ఊరూ కొండదారీ ఎలా తడిసి ముద్దయ్యాయో ఈ ప్రాంతం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత వైకుంఠ ఏకాదశి రద్దీ, దాని వెంటే సంక్రాంతి రైళ్ల రద్దీ. పెళ్లిళ్ల ముహూర్తాలు లేని పుష్యమాసంలో హాళ్లు ఖాళీగా ఉంటాయి, అద్దె తగ్గించి అడగొచ్చు. సంక్రాంతి సెలవులు ముగిశాక, మాఘం మొదలయ్యేలోపు దొరికే వారం పది రోజులు ఈ పనికి అన్నిటికన్నా మంచి కాలం. ఎండ ఉండదు, వాన ఉండదు, పక్క హాల్లో బ్యాండు మేళం ఉండదు. మాఘంలో అదే హాలు అడిగితే మీకు మధ్యాహ్నం మూడింటి దాకానే ఇచ్చి, సాయంత్రం రిసెప్షన్‌కు అలంకరణ మొదలుపెడతారు. మీ వాళ్లు పాటలు పాడుతుంటే వెనక నిచ్చెన వేసి పూలు కడుతుంటారు.

దర్శనం ప్యాకేజీలో భాగం కాదు, కాకపోవడమే మంచిది. టికెట్లు ఇప్పిస్తామని చెప్పే మధ్యవర్తులను నమ్మొద్దు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను దేవస్థానం సాధారణంగా మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది. ఎవరి ఆధార్ వాళ్లు పెట్టి తీసుకోవాలి. 65 దాటినవాళ్లకు వేరే కోటా ఉంది. అంటే రీయూనియన్ తేదీ కనీసం నాలుగు నెలల ముందు ఖాయం కావాలి. రెండు నెలల ముందు వాట్సాప్ గ్రూపులో తేదీ మీద ఓటింగ్ పెడితే దర్శనం మీద ఆశ వదులుకోవాల్సిందే. ఇంకో మాట. రీయూనియన్ కోసం కుట్టించిన టీషర్టులు, టోపీలు దర్శనానికి పనికిరావు. మగవాళ్లకు పంచె ఉత్తరీయం గానీ కుర్తా పైజామా గానీ, ఆడవాళ్లకు చీర, లంగా ఓణీ లేదా చున్నీతో చుడీదార్ ఉండాలి. ఉత్తరాది సహచరులకు ఈ విషయం ఆహ్వానంలోనే హిందీలో రాసి పంపాలి. కొండ మీదికి మద్యం, మాంసం, పొగాకు వస్తువులు పోనివ్వరు. అలిపిరి తనిఖీలో బ్యాగులన్నీ చూస్తారు. ముందు రోజు పార్టీలో మిగిలిన సీసా ఎవరి బ్యాగులోనో మిగిలిపోతే వ్యాన్ మొత్తం ఆగుతుంది.

అందుకే వరస ముఖ్యం. దర్శనం మొదటి రోజు, కలయిక రెండో రోజు పెట్టుకోవాలి. ఈ హోటల్ ముద్రించిన ప్రణాళికలో మొదటి రాత్రి విందు, మర్నాడు కొండ అని ఉంది. ఇది తప్పు. తెల్లారితే దర్శనం అన్నప్పుడు ముందు రాత్రి మాంసం ముట్టనివాళ్లు సగం మందికి పైగా ఉంటారు. వండిన కూర మిగిలిపోతుంది, తాగేవాళ్లకూ మనసు ఒప్పదు. రెండో రోజు శనివారం కాకుండా చూసుకోవాలి. శనివారం ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో నీచు వండరు, హోటల్ వంటవాళ్లలో కొందరు కూడా ఆ రోజు ముట్టరు. శుక్రవారం దర్శనం, శనివారం ఊరు చూడడం, ఆదివారం కలయిక అని మూడు రోజులు కుదిరితే అంతకన్నా ఏం కావాలి.

ఇక హాలు. మూడు వందల మంది పట్టే పెళ్లి హాలునే ఇస్తారు. వేదిక మీద రెండు సింహాసనాలు, ఎదురుగా వరసగా కుర్చీలు. ఈ అమరికను అలాగే ఉంచితే ఎనభై మంది వచ్చి వేదిక వైపు చూస్తూ కూర్చుంటారు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుంటారు. రీయూనియన్‌కు కావాల్సింది ఎనిమిదేసి మంది కూర్చునే గుండ్రటి బల్లలు పది. బల్లకూ బల్లకూ మధ్య వీల్‌చైర్ తిరిగేలా నాలుగు అడుగులు వదలాలి. హోటల్ దగ్గర గుండ్రటి బల్లలు ఆరే ఉన్నాయి, మిగిలినవి బయటి నుంచి తెప్పిస్తారు, దానికి వేరే బిల్లు వేస్తారు. సింహాసనాలు, పూల కమాను తీసేయమని ముందే చెప్పాలి. లేదంటే ఆ రోజు పొద్దున తీసేవాళ్లు దొరకరు.

బల్లలు వేశాక ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది కూడా ఆలోచించాలి. ర్యాంకుల వారీగా కూర్చోబెడితే పాత గీతలే మళ్లీ గీసినట్టవుతుంది. మాస్టర్ చీఫ్‌లు ఒకచోట, సీమెన్ ఒకచోట కాకుండా బ్రాంచీల వారీగా వేయాలి. ఇంజిన్ రూమ్‌వాళ్లు ఒక బల్ల, ఎలక్ట్రికల్‌వాళ్లు ఒక బల్ల, గన్నరీ, కమ్యూనికేషన్, గ్యాలీ (ఓడ వంటగది). లోనావాలా శివాజీ, జామ్‌నగర్ వల్సురా అనే నౌకాదళ శిక్షణ కేంద్రాల్లో కలిసి చదివినవాళ్లు అలా దొరికిపోతారు. నావికుల తొలి శిక్షణ కేంద్రం చిల్కాలో ఒకే బ్యాచ్ అయినవాళ్లు తర్వాత వాళ్లే లేచి కుర్చీలు మార్చుకుంటారు, మార్చుకోనివ్వాలి. చనిపోయినవాళ్ల భార్యలను విడిగా ముందు వరసలో కూర్చోబెట్టొద్దు. గౌరవం అనుకుని చేస్తారు, వాళ్లకు అది ఒంటరితనమవుతుంది. భర్త పనిచేసిన బ్రాంచి బల్ల దగ్గరే చోటివ్వాలి. ఆయన గురించి చెప్పగలిగినవాళ్లు అక్కడే ఉంటారు.

మైకు విషయంలో ఈ హోటల్ బాగా వెనకబడింది. నేల గ్రానైట్, ఒక పక్క గోడంతా గాజు, పైకప్పు నున్నటి పీఓపీ. మాట తిరిగి తిరిగి కొడుతుంది. పైగా వేదికకు రెండు పక్కలా నిలబెట్టిన పెద్ద స్పీకర్లు పెళ్లి పాటల కోసం పెట్టినవి, బేస్ పెంచి ఉంటాయి. ఇంజిన్ రూముల్లోనూ ఫిరంగుల దగ్గరా ఏళ్లు గడిపినవాళ్లలో చాలామందికి పైస్థాయి శబ్దాలు వినికిడిలో తగ్గిపోయి ఉంటాయి. వాళ్లకు శబ్దం వినబడుతుంది, హల్లులు తెలియవు. శబ్దం పెంచితే ఇంకా అయోమయం. చేయాల్సింది బేస్ తగ్గించడం, పెద్ద స్పీకర్లు ఆపేసి హాలు మధ్యలో నాలుగు చిన్న స్పీకర్లు పెట్టించడం, గాజు గోడకు తెరలు దించడం, నేల మీద తివాచీ పరిపించడం. తివాచీ అంచులు టేపుతో అంటించాలి, లేకపోతే కాలు తగులుతుంది. ఇవన్నీ హోటల్ చేసి పెడుతుంది, కానీ అడగాలి. డీజేను ప్యాకేజీ నుంచి తీసేయమంటే డబ్బు తగ్గించడం లేదు, అది మాత్రం బాగాలేదు.

బోసన్స్ పైప్ (ఓడ మీద ఆదేశాలకు ఊదే పీక) ఊదేవాళ్లు ఉంటే మైకు దగ్గర ఊదనివ్వొద్దు. ఆ చిన్న పీక సన్నటి పైస్థాయి శబ్దం మైకులో పడగానే స్పీకర్లు కీచుమంటాయి, వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లకు అది చెవిలో సూది. మైకు ఆపేసి, హాలు చివర తలుపు దగ్గర నిలబడి ఊదితే చాలు. గాలివానలో డెక్ అంతటా వినబడాలని పుట్టిన పరికరానికి మైకు అవసరం ఏముంది?

సంస్మరణ ఈ రోజు మొత్తానికి గుండెకాయ. దీన్ని విందు తర్వాత పెట్టకూడదు. ఉదయం అందరూ కూర్చున్న వెంటనే, ఏ ప్రసంగానికీ ముందే జరగాలి. ఓడ గంటకు ఒక వరస ఉంది. నాలుగు గంటల వాచ్ (కాపలా డ్యూటీ) ముగిసినప్పుడు ఎనిమిది దెబ్బలు, రెండేసి చొప్పున నాలుగు జంటలు. నావికుడు కన్నుమూస్తే ఎనిమిది గంటలు మోగాయి అనడం అక్కడి నుంచే వచ్చింది. అతని వాచ్ ముగిసిందని. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల ఇత్తడి దుకాణాల్లో గంట దొరుకుతుంది. చేతిలో పట్టుకునే పూజ గంట వద్దు, దాని నాదం సన్నం. వేలాడదీసే గంట, నోరు కనీసం ఎనిమిది అంగుళాలు ఉన్నది తీసుకోవాలి. దుకాణంలోనే మోగించి చూడండి. నాదం వెంటనే చచ్చిపోతే పోతలో గాలి బుడగలున్నట్టు, లేదా సన్నటి పగులున్నట్టు. నాలుకకు అర అడుగు జడతాడు కట్టాలి. పొడుగు తాడుతో ఊపితే జంటలు కుదరవు, గుడి గంటలా వరసగా మోగుతుంది. పొట్టి తాడు పట్టి మణికట్టుతో టంగ్‌టంగ్, ఆగి, టంగ్‌టంగ్. జంటకూ జంటకూ మధ్య ఒక శ్వాస ఆగాలి. గంటను వేదిక పైకప్పు కొక్కేనికి కట్టడానికి హోటల్‌వాళ్లు ఒప్పుకోలేదు. స్టాండు చేయించుకోవాలి, కింద బరువు పెట్టాలి.

పేర్ల జాబితా ఇంకా జాగ్రత్తగా చూడాల్సిన పని. బతికి ఉన్నవాళ్ల పేరు పొరపాటున చదివితే ఆ గాయం మానదు. ఒక్క వాట్సాప్ సందేశాన్ని నమ్మి ఏ పేరూ చేర్చకూడదు. ప్రతి పేరుకూ ఇద్దరు వేర్వేరు మనుషులు ధ్రువీకరించాలి, వీలైతే ఆ ఇంటికి ఫోన్ చేయాలి. ఒకే ఓడలో ఇద్దరు రెడ్డిలు, ముగ్గురు సింగ్‌లు, నలుగురు కుమార్‌లు ఉండడం మామూలే. అందుకే పేరుతో పాటు బ్రాంచి, ఆ ఓడలో ఉన్న సంవత్సరాలు రాసుకోవాలి. చదివేవాళ్లు మలయాళం, పంజాబీ, బెంగాలీ ఇంటిపేర్లను ముందు రోజు ఆ భాషవాళ్ల దగ్గర పలికి చూసుకోవాలి. మౌనం రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ వంటగది తలుపు మూసి ఉండాలని, వడ్డించేవాళ్లు గిన్నెలు కదపకూడదని మేనేజర్‌కు చెప్పాలి. జాతీయ గీతం ఆడియో మీరే తెచ్చుకోండి. 52 సెకన్ల పూర్తి గీతం ఉండాలి. డీజే దగ్గర ఉండేది సాగదీసిన వాయిద్యాల గీతం.

వంటకు నాలుగున్నర ఇవ్వొచ్చు. వంటమనిషి ఈ జిల్లావాడు, అది తిన్నవాళ్లకు తెలుస్తుంది. అలసంద వడలు, నాటుకోడి పులుసు, సంగటి, ఊరిబిండి, పచ్చిపులుసు బాగా చేస్తున్నారు. బయటి రాష్ట్రాల సహచరులు బిర్యానీ ఎక్కడైనా తింటారు. అలసంద వడను నాటుకోడి కూరలో ముంచుకుని తినడం ఇక్కడే. కాబట్టి పనీర్ బటర్ మసాలా, గోబీ మంచూరియా ఉన్న పెళ్లి మెనూ కాగితాన్ని పక్కన పెట్టి ఇవి అడగండి.

కొలతలు చెప్పుకోవాలి. నిలబడి తినే బఫేలో పెళ్లివాళ్లకు వేసే లెక్క ఈ వయసువాళ్లకు ఎక్కువ. బియ్యం మనిషికి 120 గ్రాముల చొప్పున పది కిలోలు చాలు. సంగటి మనిషికి ఒక చిన్న ముద్ద, 150 గ్రాములు. దానికి మూడు కిలోల రాగిపిండి, కిలోన్నర బియ్యం సరిపోతాయి. సంగటి చెడేది ముందే ముద్దలు చేసి పెట్టినప్పుడు. అరగంట దాటితే పైన పొర కట్టి గట్టిపడుతుంది, పళ్లు లేనివాళ్లు మింగలేరు. వడ్డించే ముందే కెలికి, నెయ్యి తడి చేత్తో ముద్ద కట్టి హాట్‌ప్యాక్‌లో వేయాలి. మాంసం తినేవాళ్లు యాభై మంది అనుకుంటే నాటుకోడి ఎముకతో కలిపి మనిషికి 250 గ్రాముల చొప్పున పన్నెండున్నర కిలోలు. ఫారం కోడిలా అరగంటలో ఉడకదు. ముక్క చిన్నగా కొట్టించి గంటకు పైగా సన్న సెగ మీద పెట్టాలి. అలసందలు నాలుగైదు గంటలు నానాలి. రాత్రంతా నానితే పిండి జారై వడ నూనె పీలుస్తుంది. పొట్టు తీసి, నీళ్లు చేర్చకుండా బరకగా రుబ్బితేనే కరకరలాడుతుంది.

కారం గురించి ముందే మాట్లాడండి. ఇక్కడి మామూలు కారం పంజాబీ సహచరుడికి, అల్సర్ ఉన్న తెలుగువాడికి కూడా ఎక్కువే. కూర మొత్తం చప్పగా చేయించే బదులు, పప్పు, చపాతీ, పెరుగన్నం, ఒక చప్పటి కూర వేరే బల్ల మీద పెట్టించడం మంచిది. చపాతీలు మనిషికి రెండు చొప్పున ఉత్తరాదివాళ్ల లెక్క కట్టి, వేడిగా విడతలుగా తెప్పించాలి. షుగర్ మందులు వేసుకునేవాళ్లు ఒంటిగంట దాటితే ఆగలేరు. ప్రసంగాలు సాగినా సాగకపోయినా 1245కు భోజనం తెరిచి ఉండాలి. హోటల్ ఈ సమయపాలనలో బాగుంది, చెప్పిన నిమిషానికి మూతలు తీస్తారు. బడా ఖానా (దళంలో అందరూ కలిసి తినే విందు) అలవాటున్నవాళ్లకు ఒక మాట గుర్తు చేయక్కర్లేదు, అయినా రాస్తున్నాం. వడ్డించినవాళ్లను, వంటవాళ్లను ఆఖర్న హాల్లోకి పిలిచి చప్పట్లు కొట్టండి.

మద్యం ప్యాకేజీలో లేదు. హాల్లో పోయాలంటే ఎక్సైజ్ శాఖ నుంచి ఆ రోజుకు ఈవెంట్ పర్మిట్ తీసుకోవాలి. హోటల్‌వాళ్లు దరఖాస్తులో సాయం చేస్తారు, కనీసం వారం ముందు మొదలుపెట్టాలి. బెంగళూరు, చెన్నై నుంచి కార్లలో వచ్చేవాళ్లు సైనిక క్యాంటీన్ మద్యం సీసాలు డిక్కీలో వేసుకురావద్దు. రాష్ట్రం దాటించడం నేరమవుతుంది, క్యాంటీన్ కార్డు చూపించినా అక్కడ చెల్లదు. రమ్ లేకుండా కలయికేమిటనేవాళ్లు ఉంటారు. ఒక్క గ్లాసుతో లేనివాళ్ల పేరు తలచుకోవడం వరకు పర్మిట్ తీసుకుని చేసుకోండి.

బ్యానరు, జ్ఞాపికల ముద్రణ కూడా హోటలే చేయిస్తానంటుంది. ఈ పని వాళ్లకు వదలకండి. ప్రింటింగ్ కుర్రాడు నెట్‌లో మొదట కనబడిన నౌకాదళ పతాకం బొమ్మ పెట్టేస్తాడు. పతాకం చాలాసార్లు మారింది. 1950 నుంచి ఎర్ర అడ్డునిలువు గీతలు, మూలన త్రివర్ణం ఉండేవి. 2001లో గీతలు తీసి నీలం చిహ్నం పెట్టారు. 2004లో గీతలు తిరిగొచ్చాయి, మధ్యలో నాలుగు సింహాలు చేరాయి. 2014లో సత్యమేవ జయతే చేరింది. 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో కొత్త విక్రాంత్ నౌకాదళంలో చేరిన వేడుకలో అష్టకోణం ముద్రతో ఇప్పటి పతాకం వచ్చింది. 1997లోనే కొలువు ముగించిన పాత విక్రాంత్ బొమ్మ వెనక ఇప్పటి పతాకం ఎగిరితే ఆ ఓడవాళ్లకు కళ్లు మండుతాయి. మీ ఓడ ఏ ఏళ్లలో తేలిందో ఆ ఏళ్ల పతాకమే వేయించండి. నాలుగు సింహాల చిహ్నాన్ని కప్పులు, టీషర్టుల మీద వేయించకండి, 2005 చట్టం ప్రైవేటు వాడకాన్ని కట్టడి చేస్తుంది. ఓడ పేరు, నంబరు, ఆకారం గీయించుకుంటే చాలు. నినాదం తెలుగులో రాస్తే “శం నో వరుణః” అని విసర్గతో సహా ఉండాలి. ప్రూఫ్ మీద సంతకం చేయకుండా ప్రింటుకు పంపొద్దు.

గ్రూప్ ఫొటోకు హోటల్ పోర్టికో ముందున్న ఐదు మెట్లు బాగా పనికొస్తాయి. బెంచీల మీద ఎవరినీ ఎక్కించొద్దు. ఇరవై మంది చొప్పున నాలుగు వరసలంటే మనిషికి అర మీటరు లెక్కన పది మీటర్ల వెడల్పు కావాలి, అంత ఉంది. పోర్టికో తూర్పు ముఖం, తొమ్మిదింటికి ముందు తీస్తే అందరి కళ్లలో ఎండ కొడుతుంది. పదకొండు తర్వాత నీడ పడుతుంది.

కుటుంబాలవాళ్లకు మధ్యాహ్నం వ్యాన్లలో చంద్రగిరి కోట చూపిస్తున్నారు. చెన్నపట్నం నేల 1639లో ఇంగ్లీషు కంపెనీ చేతికి పోయిన నాటి రాజుల రాజధాని అది. ఓడలవాళ్లకు అది ఆసక్తిగా ఉండే కథ, వ్యాన్ డ్రైవర్ మాత్రం చెప్పడు. రాజమహల్ మెట్లు ఎత్తుగా ఉంటాయి, కింద తోటలో కూర్చునే వీలుంది.

బిల్లు ప్లేటు లెక్క. కనీస సంఖ్య ఎంతో, దానికి మించి వస్తే ఒక్కో ప్లేటు ఎంతో, జీఎస్టీ కలిపా విడిగానా, డ్రైవర్లకు భోజనం ఎవరిదో కాగితం మీద ఉండాలి. 80 మంది వస్తామన్నవాళ్లలో ఆరోగ్యం బాగాలేక ఆఖరి వారంలో ఏడెనిమిది మంది ఆగిపోతారు. అందుకని కనీస సంఖ్య 70 అని రాయించుకోవాలి. అడ్వాన్సు తిరిగిచ్చే నిబంధన మాటల్లో ఒకటి, రసీదులో ఒకటి ఉంది. రసీదు చదవండి.

వెళ్లే రోజు పికప్ చార్టు వచ్చిన రోజుదాన్ని తిరగేసినట్టు ఉండాలి. ఇక్కడ ఇంకో మంచి పని చేస్తున్నారు. గది ఖాళీ చేశాక సామాన్లు తాళం గదిలో పెట్టి టోకెన్ ఇస్తారు, రాత్రి పది దాకా తీసుకోవచ్చు. రాత్రి బండికి ఎదురుచూసేవాళ్లకు లాబీ పక్కన ఏసీ గదిలో ఇరవై కుర్చీలున్నాయి, అక్కడ ఎవరూ లేపరు, ఎవరూ బిల్లు అడగరు. పదకొండు దాటాక రేణిగుంటలో బండెక్కాల్సినవాళ్లను మాత్రం వ్యాన్‌లో పదిన్నరకల్లా పంపేయండి. దారిలో రైల్వే గేటు పడితే ఆలస్యమవుతుంది.